తెల్ల వైను: రకం పేరుతో బేరం ముగియదు

రీస్లింగ్ అనే ద్రాక్ష రకం పేరు లిఖితపూర్వకంగా మొట్టమొదట దొరికేది ఒక జమాఖర్చుల పద్దులో. జర్మనీలోని రూసెల్స్‌హైమ్ వద్ద కాట్సెనెల్న్‌బోగెన్ ప్రభువుల దివాణం లెక్కల్లో 1435 మార్చి 13వ తేదీ కింద, తోటలో నాటడానికి రీస్లింగ్ తీగలు కొన్నందుకు 22 షిల్లింగులు ఖర్చు రాసి ఉన్నది. లెక్క రాసిన గుమాస్తా ‘ద్రాక్ష తీగలు’ అని రాసి ఊరుకోలేదు. రకం పేరు కూడా పద్దుకు ఎక్కించాడు. ఈ సరుకులో రకానికి విడిగా విలువ కట్టడం సుమారు ఆరు వందల ఏళ్ళుగా ఉన్న ఆచారమని దీనివల్ల తెలుస్తున్నది.

మిరప వర్తకులకు ఈ సంగతి వేరే చెప్పనక్కరలేదు. గుంటూరు యార్డులో తేజ అడిగినవాడికి కారం కావాలి, బ్యాడిగ అడిగినవాడికి రంగు కావాలి. రెండూ ఎండుమిరపే అయినా కొనేవారు వేరు, ధర వేరు. తెల్ల వైనులోనూ అంతే. షార్డొనే అడిగే గిరాకీ వేరు, రీస్లింగ్ అడిగే గిరాకీ వేరు. కాని మన పక్క వైను అనగానే ఎరుపు, తెలుపు అని రెండుగా విడగొట్టి అంతటితో తృప్తి పడటం అలవాటైపోయింది. ఈ అలవాటు ఇకమీదట నష్టం తెచ్చిపెడుతుందని చెప్పక తప్పదు.

కారణం సుంకాల లెక్కలో ఉన్నది. భారత, ఆస్ట్రేలియా దేశాల మధ్య కుదిరిన వర్తక ఒప్పందం 2022 డిసెంబర్ 29న అమలులోకి వచ్చింది. 750 మిల్లీలీటర్ల సీసా దిగుమతి ధర 5 డాలర్లు గాని, అంతకు పైన గాని ఉంటే అప్పటిదాకా ఉన్న 150 శాతం సుంకం ఆ రోజే 100కు తగ్గింది. పదేళ్ళలో అది 50కి దిగాలి. ధర 15 డాలర్లు, ఆ పైన అయితే సుంకం వెంటనే 75కు తగ్గింది. పదేళ్ళలో 25కి దిగాలి. 5 డాలర్ల లోపు సరుకుకు మాత్రం ఏ రాయితీ లేదు.

ఈ అంకెల అర్థం కాగితం మీద వేసి చూస్తే గాని బోధపడదు. తొలి రోజు లెక్కనే తీసుకుంటే, 4 డాలర్ల సీసా 150 శాతం సుంకంతో 10 డాలర్లయింది. 5 డాలర్ల సీసా 100 శాతం సుంకంతో అదే 10 డాలర్లయింది. 14 డాలర్ల సీసా 28 డాలర్లు కాగా, 15 డాలర్ల సీసా 26 డాలర్ల 25 సెంట్లకే రేవు దాటింది. రాష్ట్రాల ఎక్సైజు, రవాణా, ఇతర ఖర్చులు దీనికి అదనం. అంటే చవక సరుకు తెచ్చినవాడికి చవక మిగలలేదు. మంచి సరుకు తెచ్చినవాడికే సుంకం కలిసివచ్చింది. అయితే 5 డాలర్ల సరుకేదో, 5 డాలర్ల చీటీ అంటించిన 3 డాలర్ల సరుకేదో తెలుసుకోవాలంటే రకాల పరిచయం ఉండి తీరాలి.

ఆంధ్రప్రదేశ్‌లోను, తెలంగాణలోను మద్యం టోకు వ్యాపారం ప్రభుత్వ కార్పొరేషన్ల చేతిలో ఉన్న మాట నిజమే. అయినా హోటళ్ళకు కొనుగోలు చేసేవారు, దిగుమతిదారుల ఏజెంట్లు, శీతల గిడ్డంగుల వారు, ద్రాక్ష ఆడ్తిదారులు ఈ సరుకుతో ఏదో ఒక విధంగా సంబంధం ఉన్నవారే. వారందరికీ వర్తించే మాట ఒక్కటే. రకం పేరు తెలుసుకోవడం బేరానికి మొదలు. ఆ పేరు వెనుక నేల, దిగుబడి, కోత రోజు తెలుసుకున్న తర్వాతనే బేరం ముగించాలి.

తినే పండు వేరు, పిండే పండు వేరు

హైదరాబాదు మార్కెట్టు ఎరిగినవారికి తెల్ల ద్రాక్ష అంటే అనాబ్-ఎ-షాహీ, ఆ తర్వాత థాంసన్ సీడ్‌లెస్. ఈ రెండూ తినడానికి పెంచిన పళ్ళు. కాయ పెద్దది, తొక్క పలుచన, రసం ఎక్కువ. వైనుకు కావలసిన పండు ఇందుకు దాదాపు వ్యతిరేకం. కాయ చిన్నది, తొక్క మందం, లోపల గింజలు. బజారులో తట్ట పెట్టి కూర్చుంటే కొనేవాడుండడు. కాని రసంలో చక్కెరా పులుపూ రెండూ గట్టిగా ఉంటాయి.

థాంసన్ రకాన్ని వైనుకు వాడిన సందర్భం కూడా లేకపోలేదు. 1970లలో అమెరికాలో తెల్ల వైనుకు గిరాకీ ఒక్కసారిగా పెరిగినప్పుడు కాలిఫోర్నియా వారు చవక వైనులో థాంసన్ రసాన్ని ధారాళంగా కలిపారు. ఎండుద్రాక్షకు, తినడానికి, పిండడానికి మూడింటికీ పనికివచ్చే రకం కాబట్టి ఇది వీలయింది. అయితే దానికి తనదంటూ చెప్పుకోదగిన వాసన లేదు. అది చవక సీసాను దాటి పైకి పోలేకపోయింది.

పిండే లెక్క కొత్తవారికి ఉపయోగపడుతుంది. కిలో ద్రాక్షకు సుమారు 600 నుంచి 700 మిల్లీలీటర్ల వైను వస్తుంది. కాబట్టి సీసాకు కిలో పైచిలుకు పండు కావాలి. లీటరు రసంలో సుమారు 17 గ్రాముల చక్కెర పులిస్తే ఒక శాతం ఆల్కహాలు తయారవుతుంది. లీటరుకు 200 గ్రాముల చక్కెర ఉన్న రసం పూర్తిగా పులిస్తే దాదాపు 12 శాతం వైను అవుతుంది. సీసా మీద 12 అని ఉండి వైను తియ్యగా ఉన్నదంటే, రసంలో అంతకు మించి చక్కెర ఉన్నదనో, తర్వాత కలిపారనో గ్రహించాలి.

తెల్ల వైనుకు తెల్ల ద్రాక్షే కావాలన్న నియమం కూడా లేదు. రంగు ఉండేది తొక్కలో. పండు తెచ్చిన వెంటనే పిండి తొక్క తీసేస్తే నల్ల ద్రాక్ష నుంచి కూడా తెల్ల రసమే వస్తుంది. షాంపేన్ ప్రాంతంలో ఈ పని తరతరాలుగా జరుగుతున్నది.

మూడు తూకాలు

కొత్తగా ఈ సరుకులోకి దిగేవారు వందలాది పేర్లు బట్టీ పట్టనక్కరలేదు. ప్రతి రకాన్నీ మూడు తూకాలలో వేసి చూస్తే చాలు. మొదటిది పులుపు. రెండవది వాసన. మూడవది నోటిలో చిక్కదనం.

వీటిలో పులుపే ముఖ్యం. పాలకు వెన్న ఎలాగో తెల్ల వైనుకు పులుపు అలాగ. పులుపు గట్టిగా ఉన్న వైను నిలుస్తుంది, భోజనంతో కలుస్తుంది, తీపి ఉన్నా మొహం మొత్తదు. పండు ముదిరేకొద్దీ చక్కెర పెరుగుతుంది, పులుపు తగ్గుతుంది. ఎండలు ముదిరిన ప్రాంతంలో పులుపు మరీ త్వరగా పడిపోతుంది. కోత నాలుగు రోజులు ఆలస్యమైనా సరుకు మారిపోయేది ఇందుకే. వేడి దేశపు వైను కొనేవారు మొదట అడగవలసింది కోత ఎప్పుడు కోశారన్నది.

నాలుగు ముఖ్య రకాలు

ముందుగా రీస్లింగ్. ఇది చలి ప్రాంతపు పంట. జర్మనీలో మోజెల్, రైన్‌గావ్ లోయలు దీనికి పేరు పొందినవి. పులుపు హెచ్చు, వాసన హెచ్చు, చిక్కదనం తక్కువ. నిమ్మ, ఆపిల్ వాసనలతో మొదలై ఏళ్ళు గడిచేకొద్దీ తేనె పోకడ పోతుంది. బాగా నిలవ ఉన్న రీస్లింగ్‌లో కిరసనాయిలును తలపించే వాసన కూడా వస్తుంది. తెలియనివారు సరుకు చెడిపోయిందని తిరుగు టపాలో పంపుతారు. తెలిసినవారు అదే సీసాకు ఎక్కువ ధర ఇస్తారు. జర్మనీ సీసాల మీద కబినెట్, ష్పేట్‌లేజే, ఔస్లేజే అనే మాటలు కనిపిస్తాయి. 1971 నాటి చట్టం ప్రకారం ఇవి కోతనాటి రసంలోని చక్కెరను చెప్పే గ్రేడులు. సీసాలో మిగిలిన తీపిని ఇవి చెప్పవు. ట్రోకెన్ అన్న మాట ఉంటే తీపి లేని సరుకని అర్థం. ఈ తేడా తెలియక తీపి లేని వైను అడిగిన హోటలుకు తీపి సరుకు దింపిన వ్యాపారి, ఖాతా పోగొట్టుకుంటాడు.

రెండవది సోవిన్యాన్ బ్లాంక్. పుట్టిల్లు ఫ్రాన్సు. లువార్ నది ఒడ్డున సాన్సేర్, పుయీ-ఫ్యూమే ఊళ్ళ వైను ఈ పండుతోనే చేస్తారు. పులుపు హెచ్చు. వాసన ముక్కు మీద కొట్టినట్లు ఉంటుంది. కోసిన పచ్చగడ్డి, బెంగుళూరు మిరప, జామ, పంపరపనస పోలికలు చెబుతారు. 1973లో న్యూజీలాండు వారు మార్ల్‌బరో ప్రాంతంలో వాణిజ్య సరళిలో ద్రాక్ష నాటకం మొదలుపెట్టారు. గొర్రెలు మేసిన ఆ నేల నుంచి వచ్చిన సోవిన్యాన్, 1985లో క్లౌడీ బే సంస్థ రంగప్రవేశం చేసిన తర్వాత లండన్ మార్కెట్టులో స్థిరపడింది. న్యూజీలాండు వైను ఎగుమతుల్లో 85 శాతానికి పైగా ఈ ఒక్క రకమే. ఒక దేశం ఒక రకంతో ఇంతగా ముడిపడటం సరుకుల చరిత్రలో అరుదు. కొత్తవారు రుచి గుర్తు పట్టడానికి ఇంతకంటే సులువైన రకం లేదు.

మూడవది షార్డొనే. దీనిది ఫ్రాన్సులోని బర్గండీ. పీనో జాతికీ, ఎవరూ లెక్కచేయని గుయే బ్లాంక్ అనే నాటు రకానికీ కలిసి పుట్టిన సంకరమని 1999లో డి.ఎన్.ఎ. పరీక్షలు తేల్చాయి. షార్డొనే పండుకు స్వతహాగా వాసన తక్కువ. చేసేవాడు ఎలా చేస్తే అలా తయారవుతుంది. షాబ్లీలో సున్నపు నేల మీద పండి, ఉక్కు తొట్టెలో పులిస్తే చురుకైన పలుచని వైను. మెర్సోలో ఓక్ పీపాలలో పెంచితే వెన్న, వేయించిన బాదం పోకడలతో చిక్కని వైను. పండు ఒకటే, ధరలో ఎన్నో రెట్ల తేడా.

ఈ తేడాలో పీపా పాత్ర కూడా చిన్నది కాదు. బర్గండీ ఓక్ పీపా ఒక్కటి 228 లీటర్లది. సుమారు 300 సీసాల సరుకు దానిలో పడుతుంది. పీపా ఖర్చు ఆ 300 సీసాల మీద పంచుకోవలసిందే. ఆ ఖర్చు తప్పించుకోవడానికి ఉక్కు తొట్టెలో ఓక్ చెక్క ముక్కలు వేసి అదే వాసన తెప్పించే పద్ధతి కూడా ఉన్నది. చట్టరీత్యా తప్పు కాదు. కాని పీపా ధర తీసుకొని చెక్కముక్కల సరుకు ఇస్తే అది వర్తకం కాదు. ‘ఓక్’ అన్న మాట విన్న వెంటనే పీపానా, ముక్కలా అని అడగడం కొనేవాడి హక్కు.

షార్డొనేకు ప్రపంచ మార్కెట్టు తలుపు తీసినది 1976 మే 24న పారిస్‌లో జరిగిన పోటీ. స్టీవెన్ స్పరియర్ అనే ఆంగ్లేయ వర్తకుడు ఏర్పాటు చేశాడు. చీటీలు కనిపించకుండా ఫ్రెంచి న్యాయనిర్ణేతల చేత రుచి చూపించగా తెల్ల వైన్లలో మొదటి స్థానం కాలిఫోర్నియాలోని షాటో మాంటలీనా వారి 1973 షార్డొనేకు దక్కింది. బర్గండీ సరుకు వెనకబడింది. అప్పటినుంచి షార్డొనే నాటని దేశం లేకుండాపోయింది.

నాలుగవది షెనిన్ బ్లాంక్. మన దేశపు సరుకుతో వ్యవహరించేవారికి అన్నిటికంటే ముఖ్యమైనది. లువార్ లోయలో వూవ్రే ఊరి వారు ఈ ఒక్క పండుతోనే తీపి లేనిది, తీపిది, పొంగేది మూడూ చేస్తారు. దక్షిణాఫ్రికాలో స్టీన్ అనే పేరుతో చాలాకాలం చలామణి అయింది. స్టీన్, షెనిన్ ఒకటేనని 1960లలో తేలింది. నేడు ఫ్రాన్సు కంటే అక్కడే ఈ రకం సాగు ఎక్కువ. వేడిని ఓర్చుకొని కూడా పులుపు నిలుపుకోవడం దీని గుణం. నాసిక్‌లో 1997లో తొలి తీగలు నాటి 2000లో తొలి వైను విడుదల చేసిన సులా సంస్థ మొదట ఎంచుకున్న తెల్ల రకాలు సోవిన్యాన్ బ్లాంక్, షెనిన్ బ్లాంక్ కావడం కాకతాళీయం కాదు.

పక్క వరుసలో

పీనో గ్రీ, పీనో గ్రీజో అని రెండు పేర్లు వినబడతాయి. ఇవి రెండు రకాలు కావు. నల్లని పీనో నుంచి రంగు మారి పుట్టిన ఒకే పండుకు మొదటిది ఫ్రెంచి పేరు, రెండవది ఇటలీ పేరు. తొక్క గులాబీ, బూడిద రంగుల మధ్య ఉంటుంది. అల్సాస్ వారు బాగా ముదిరినాక కోసి చిక్కని వైను చేస్తారు. ఇటలీ వారు పెందరాళే కోసి నీళ్ళలా తేలికైన వైను చేస్తారు. ఇతర దేశాల వారు సీసా మీద ఏ పేరు రాశారో చూస్తే లోపలి సరుకు ఏ తరహాదో చాలావరకు ఊహించవచ్చు.

గెవుర్ట్స్‌ట్రామినర్ పేరు పలకడం కష్టం గాని వాసన గుర్తించడం సులువు. లిచీ పండు, గులాబీ అత్తరు. పులుపు తక్కువ, చిక్కదనం ఎక్కువ. మసాలా కూరలతో పోతుందని హోటళ్ళ వారు దీన్ని అడుగుతారు. వియోన్యే అనే రకం 1960లలో ఫ్రాన్సులోని కొండ్రియూ చరియల మీద కొద్ది ఎకరాలకు కుంచించుకుపోయి అంతరించే దశకు వచ్చింది. తర్వాత దేశదేశాలకూ పాకింది. దీనిలో ఖుబానీ వాసన ఉంటుంది. సెమియోన్ ప్రత్యేకత మరొకటి. సోటెర్న్ ప్రాంతంలో ఒక రకం బూజు పట్టి పండు వడలినప్పుడు దానిలో చక్కెర చిక్కబడుతుంది. చెడిపోయినట్లు కనిపించే ఆ పండు నుంచే ప్రపంచంలో అతి ఖరీదైన తీపి వైన్లు తయారవుతాయి.

ఇక టోకు సరుకు. అంతర్జాతీయ ద్రాక్ష, వైను సంస్థ 2017లో ప్రకటించిన అంచనాల ప్రకారం షార్డొనే సాగు 2 లక్షల 10 వేల హెక్టార్లు, సోవిన్యాన్ బ్లాంక్ 1 లక్షా 23 వేల హెక్టార్లు. స్పెయిన్‌లోని ఐరేన్ అనే రకం 2 లక్షల 18 వేల హెక్టార్లలో ఉన్నది. షార్డొనే కంటే విస్తీర్ణం ఎక్కువైనా సీసా మీద ఐరేన్ పేరు చూసినవారు అరుదు. దానిలో పెద్ద భాగం బ్రాందీ బట్టీలకు పోతుంది. ఫ్రాన్సులో కోన్యాక్ బ్రాందీకి వాడే ఉన్యీ బ్లాంక్ సంగతీ అంతే. విస్తీర్ణం వేరు, పేరు వేరు, ధర వేరు అని చెప్పడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ లేదు.

పేరొకటి, సరుకొకటి

ఇక్కడివరకు నేర్చుకున్నవారు కూడా మోసపోయే చోటు ఒకటి ఉన్నది. చిలీ దేశం ఎన్నో ఏళ్ళు సోవిన్యాన్ బ్లాంక్ పేరుతో అమ్మిన సరుకులో పెద్ద భాగం సోవిన్యోనాస్ అనే వేరే రకమని 1990లలో బయటపడింది. ఆకు పోలిక ఉన్నది గాని వాసనలో పస లేదు. ఆస్ట్రేలియాలో స్పెయిన్ వారి అల్బరీన్యో అని నమ్మి రైతులు నాటిన తీగలు సవాన్యాఁ అనే ఫ్రెంచి రకమని 2009లో డి.ఎన్.ఎ. పరీక్షలో తేలింది. ఇందులో ఎవరూ దగా చేయలేదు. నర్సరీ స్థాయిలోనే చీటీ తప్పింది. కాని చీటీలు మార్చుకోవలసి వచ్చినది రైతులు, వైనరీలు.

ఎరిగి పెట్టిన పేర్లు కూడా ఉన్నాయి. ఆస్ట్రేలియాలో ఒకప్పుడు హంటర్ రివర్ రీస్లింగ్ అని అమ్మినది నిజానికి సెమియోన్. మధ్య ఐరోపాలోని వెల్ష్‌రీస్లింగ్‌కు అసలు రీస్లింగ్‌తో చుట్టరికం లేదు. ఇటలీలో ప్రొసెక్కో అనేది పండు పేరుగానే ఉండేది. 2009లో దాన్ని ప్రాంతం పేరుగా స్థిరపరచి పండుకు గ్లేరా అనే పేరు ఖాయం చేశారు. ఆ ఒక్క మార్పుతో ఐరోపాలో ఇతర దేశాల వారు ఆ పేరు వాడుకునే వీలు పోయింది. పేరును ఆస్తిగా కాపాడుకోవడంలో ఇటలీ వర్తకుల ముందుచూపును మెచ్చుకోవలసిందే.

సీసా మీద రకం పేరు ఉన్నంత మాత్రాన లోపల నూటికి నూరు పాళ్ళూ అదే పండు అనుకోరాదు. అమెరికాలో 1983 నుంచి 75 శాతం ఉంటే చాలు, అంతకుముందు 51 శాతమే. ఐరోపా సమాజంలోను, ఆస్ట్రేలియాలోను 85 శాతం. మిగిలిన 15 పాళ్ళు, 25 పాళ్ళు ఏమిటన్నది చీటీ చెప్పదు. అమ్మేవాడిని అడగాలి.

దిగుబడి ఆశ

రకం ఎంత గొప్పదైనా ఎకరాకు గుత్తులు పెరిగేకొద్దీ రసం పలుచబడుతుంది. జర్మనీ అనుభవం ఇందుకు నిదర్శనం. 1882లో హెర్మన్ మ్యూలర్ అనే శాస్త్రజ్ఞుడు సృష్టించిన మ్యూలర్ తుర్‌గావ్ అనే సంకర రకం రీస్లింగ్ కంటే ముందు పండుతుంది, ఎక్కువ కాస్తుంది. 1970ల నాటికి ఆ దేశంలో రీస్లింగ్‌ను వెనక్కి నెట్టింది. చవకైన తియ్యని వైను గుట్టలుగా ఎగుమతి అయింది. ఫలితంగా జర్మనీ తెల్ల వైను అంటే చవక సరుకు అనే అపఖ్యాతి వచ్చి, మంచి రీస్లింగ్ చేసేవారి ధరలను కూడా కిందికి లాగింది. రీస్లింగ్ మళ్ళీ మొదటి స్థానానికి రావడానికి 1990లు రావలసి వచ్చింది.

న్యూజీలాండు పాఠం వేరు. 2007లో 2 లక్షల 5 వేల టన్నులున్న ఆ దేశపు ద్రాక్ష కోత 2008లో ఒక్కసారిగా 2 లక్షల 85 వేల టన్నులకు ఎగబాకింది. అదే సమయంలో ప్రపంచ మాంద్యం వచ్చింది. మార్ల్‌బరోలో పండు ధరలు పడిపోయాయి. విడి సరుకుగా ట్యాంకులలో పోయి, పేరులేని చీటీలతో బ్రిటన్ దుకాణాలలో అమ్ముడుపోయింది. పేరున్న రకానికే ఈ గతి పట్టినదంటే మిగతావాటి సంగతి చెప్పనక్కరలేదు.

మనకు అన్నిటికంటే దగ్గరి పాఠం నాసిక్‌ది. 2001లో మహారాష్ట్ర ప్రభుత్వం ద్రాక్ష ప్రాసెసింగ్ విధానం ప్రకటించి ఎక్సైజు రాయితీలు ఇచ్చింది. వైనరీలు వరుసగా వెలిశాయి. తినే ద్రాక్ష తీసేసి వైను ద్రాక్ష నాటినవారు చాలామంది. 2008లో మాంద్యం, అదే నవంబరులో ముంబై దాడులు. హోటళ్ళు బోసిపోయాయి, వైనరీలలో తొట్టెలు నిండి ఉన్నాయి. కోతకు వచ్చిన పండును కొనేవారు కరువయ్యారు. థాంసన్ అయితే ఏ బజారుకైనా తోలుకుపోవచ్చు, లేదా ఎండబెట్టవచ్చు. షెనిన్ బ్లాంక్‌ను గింజతో, మందపాటి తొక్కతో ఎవరు తింటారు? తర్వాతి ఒకటి రెండేళ్ళలో ఎందరో తోటలు పీకి మళ్ళీ తినే రకాలు నాటుకున్నారు.

తేలే విషయం స్పష్టం. వైను ద్రాక్షకు కొనుగోలుదారు ఒక్కడే, అతను వైనరీ యజమాని. వ్రాతపూర్వకమైన ఒప్పందం లేకుండా ఈ పంట వేయడం, వేయించడం రెండూ సాహసమే. హైదరాబాదు చుట్టుపక్కల ఒకనాటి ద్రాక్షతోటలు చాలావరకు ఇళ్ళ స్థలాలైపోయిన ఈ రోజుల్లో, మిగిలిన రైతులకు వైను రకాల ఆశ చూపే మధ్యవర్తులు ఈ సంగతి ముందు చెప్పి తర్వాత కమీషను మాట్లాడాలి.

గిడ్డంగిలో ఏది నిలుస్తుంది

పాతబడేకొద్దీ వైను ధర పెరుగుతుందన్న నమ్మకం మన పక్క బలంగా ఉన్నది. తెల్ల వైనులో పెద్ద భాగానికి ఇది వర్తించదు. సోవిన్యాన్ బ్లాంక్, పీనో గ్రీజో, వియోన్యేల సొగసు తాజాదనంలో ఉన్నది. చాలా సీసాలు కోత నుంచి రెండు మూడేళ్ళలో అమ్ముడుపోవాలి. మంచి రీస్లింగ్, మంచి షెనిన్, సోటెర్న్ తీపి వైను దశాబ్దాలు నిలుస్తాయి. పేరున్న బర్గండీ షార్డొనే కూడా ఏళ్ళ తరబడి నిలుస్తుంది. చవక షార్డొనే నిలవదు. కోత సంవత్సరం చూడకుండా డిస్కౌంటు చూసి పాత సోవిన్యాన్ దింపుకున్నవాడు సరుకు మీద నష్టం, వడ్డీ మీద నష్టం రెండూ భరించాలి.

నిల్వకు 12 నుంచి 15 డిగ్రీల చల్లదనం, చీకటి కావాలి. మే నెలలో విజయవాడలో ఎండలో ఆగిన లారీలో ఒక్క మధ్యాహ్నం చాలు, సీసాలోని వైను రంగు తిరగడానికి, బిరడా పైకి తన్నడానికి. పళ్ళకు, చేపలకు చల్లని బండి కట్టేవారు వైనుకు మామూలు బండి కట్టడం వింతగా ఉన్నది. రకాన్ని ఎంచుకోవడంలో చూపిన శ్రద్ధ రవాణాలో చూపకపోతే ఫలితం శూన్యం.

ఎదుటి వాదం

రకాల గొడవ కొత్త దేశాల వారిదని, అసలు విలువ ఊరిదేనని ఫ్రెంచి వర్తకులు వాదిస్తారు. ఈ వాదంలో బలం ఉన్నది. 1855లో బోర్డో బ్రోకర్ల సంఘం తయారుచేసిన ప్రసిద్ధ గ్రేడుల జాబితాలో సోటెర్న్ తెల్ల వైన్లు కూడా ఉన్నాయి. డికెం తోటకు అందరికంటే పై మెట్టు దక్కింది. ఆ జాబితాలో ఎక్కడా పండు పేరు లేదు. ఆ బ్రోకర్లు చూసినది ఏళ్ళ తరబడి మార్కెట్టులో ఏ తోట సరుకుకు ఏ ధర పలికిందన్నది. శతాబ్దంన్నర దాటినా ఆ జాబితా నేటికీ చెల్లుతున్నదంటే దళారుల చిట్టాకు ఉన్న విలువ ఏమిటో తెలుస్తున్నది.

అయినా కొత్తవారికి ఊరి పేర్లతో పాఠం మొదలుపెట్టడం కుదరదు. బర్గండీలోనే ఊళ్ళు, తోటలు వందల కొద్దీ ఉన్నాయి. రకాలు పదికి మించవు. అమెరికాలో 1930ల తర్వాత ఫ్రాంక్ షూన్‌మేకర్ అనే దిగుమతిదారు సీసా మీద పండు పేరు రాయించడం ప్రచారంలోకి తెచ్చినది కూడా కొనేవారికి సులువుగా ఉంటుందనే. కాబట్టి రకంతో మొదలుపెట్టి ఊరికి చేరాలి. ఊరు దాకా రాకుండా రకం దగ్గరే ఆగిపోవడం తప్పు. ‘పేరు గొప్ప, ఊరు దిబ్బ’ అన్న సామెత ఈ సరుకుకు అచ్చంగా సరిపోతుంది.

గిరాకీకి రుచి తెలియదు, చీటీ అందంగా ఉంటే చాలని మరికొందరు అంటారు. ఒక్కసారికి ఇది నిజం. రెండవసారి కొనేవాడు రుచి చూసినవాడే. మిరపలోను, బియ్యంలోను రకం మార్చి ఇచ్చిన వర్తకుడి కొట్టు ఎంతకాలం నడిచిందో మార్కెట్టు యార్డులలో అందరికీ తెలుసు.

కనుక ఈ సరుకులో కొత్తగా చెయ్యి పెట్టేవారు కొటేషను చేతికి రాగానే కొన్ని ప్రశ్నలు వేసుకోవడం మేలు. రకం ఏది, ఎంత పాలు? పండింది ఏ ఊరిలో? కోత ఏ సంవత్సరం? పులిసింది ఉక్కులోనా, పీపాలోనా? తీపి ఎంత మిగిలింది? బండి చల్లనిదా, మామూలుదా? వీటికి సూటిగా జవాబు ఇచ్చే అమ్మకందారు ధర నాలుగు డబ్బులు ఎక్కువ చెప్పినా బేరం ఆడవచ్చు. జవాబు దాటవేసి రకం పేరే పదిసార్లు చెప్పేవాడి సరుకు ఎంత చవకైనా నమూనా రుచి చూడకుండా అడ్వాన్సు ఇవ్వరాదు.